ఆరు వోల్టుల కారుకు కొత్త సైగలు

మా బాపు కారు ఏ పక్కకు మళ్లాలన్నా ముందు మా అవ్వ చెయ్యి బయటికి రావాలి. ఎల్లారెడ్డిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. బాపు స్టీరింగు ముందు కూర్చునేవాడు, అవ్వ సరిగ్గా ఆయన వెనక సీట్లో, కిటికీ పక్కన. కుడికి మళ్లాలంటే చెయ్యి బారుగా చాపేది. ఎడమకైతే ఇసుర్రాయి తిప్పినట్టు గుండ్రంగా తిప్పేది. చేతి నిండా మట్టిగాజులు. వెనక వచ్చే లారీల వాళ్లు ఆ చెయ్యి చూసి హారన్ కొట్టి, నవ్వుకుంటూ పోయేవాళ్లు. చివరికి దానికి గాజుల సిగ్నల్ కారు అని పేరు పడిపోయింది.

మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. బాపుకు ఉన్న ఆస్తి ఆ నల్ల కారొక్కటే. ఆయన కొనేనాటికే అది ముసలిది. పెండ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు, రోగులను కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయేవాడు, రైలు దిగేవాళ్లను తెచ్చేవాడు. దానికి తలుపుల నడుమ చిన్న ఇనుప రెక్కలు ఉండేవట, మీట నొక్కితే బయటికి లేచి ఏ పక్కకు మళ్లుతుందో చూపేవట. నేను పుట్టేనాటికే అవి తుప్పు పట్టి కదలడం మానేశాయి. బాపు చెయ్యి బయట పెట్టి సైగ చేసేవాడు. అప్పట్లో అందరూ అదే పని చేసేవాళ్లు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

తొంభైల మొదట్లో ఒక చలికాలం పొద్దున, కారు స్టార్టు చేద్దామని ముందర నిలబడి హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజను ఎదురు కొట్టింది. బాపు కుడి భుజం గూడు తప్పింది. కట్టు కట్టించాం, పసర్లు రాయించాం, నెలలు గడిచాయి. స్టీరింగు పట్టుకునేంత బలం వచ్చింది గానీ, చెయ్యి పక్కకు చాపుదామంటే మాత్రం లేవదు. అప్పటి నుంచి అవ్వ ఆయనకు కుడిచెయ్యి అయ్యింది. మాటవరసకు కాదు, నిజంగానే. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కారెక్కేది. రోడ్డు బారుగా ఉన్నంతసేపు ఆకులో తంబాకు పోసి బీడీలు చుట్టేది. బాపు "ఆ..." అనగానే చాట పక్కన పెట్టి చెయ్యి బయట పెట్టేది. చూసినవాళ్లు నవ్వుకునేవాళ్లు గానీ, బాపు ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఆ మనిషి ఒకరి మీద ఆధారపడి బతికే రకం కాదు.

కిరాయికి తిప్పే బండిని ఏటా పరీక్ష చేయించి కాగితం తీసుకోవాలి. కామారెడ్డిలో ఆ పరీక్ష క్యాంపు పెట్టినప్పుడు బాపు కారు తీసుకుపోయాడు. బ్రేకులు చూసి, టైర్లు చూసి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బాగానే ఉందన్నాడు. "నడుపు, కుడికి మలుపు" అన్నాడు. వెనక కిటికీలోంచి గాజుల చెయ్యి వచ్చింది.

ఆయన కారు ఆపించాడు. "ఆ చెయ్యి ఎవరిదయ్యా?"

"నా పెండ్లాందే సారూ."

"లైసెన్సు నీకా, ఆమెకా?"

బాపు నోరు విప్పే లోపే వెనక నుంచి అవ్వ అందుకుంది. "గీయన సంసారమంతా నేనే నడుపుతున్న సారూ, గీ కారెంత?"

ఇన్‌స్పెక్టర్ పడీ పడీ నవ్వాడు. నవ్వి, కాగితం మాత్రం ఇవ్వలేదు. "దసరా అయినంక మళ్ల క్యాంపు ఉంటది. అప్పటికి ముంగటా వెనకా ఇండికేటర్లు పెట్టుకొని రా. పగలు కూడా కనపడాలె. లేకుంటే బండి ఇంటి ముంగట నిలబెట్టుకో" అన్నాడు.

ఎల్లారెడ్డి మెకానిక్కు మామూలు బల్బులు బిగించి చూశాడు. పని కాలేదు. మిగతా బండ్లకు పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఈ కారుకు ఆరే. పైగా బ్యాటరీని నింపే డైనమో కూడా ముసలిదే. హెడ్‌లైట్ వేసి ఇండికేటర్ వేస్తే రెండూ కొడిగట్టిన దీపాల్లా అయ్యేవి. అన్నీ పన్నెండుకు మారుద్దామంటే మోటారు దగ్గర్నుంచి మార్చాలి, ఆ సామాను ఏ ఊళ్లోనూ దొరకదు. మెకానిక్కు చేతులు దులుపుకున్నాడు.

బాపు అన్నను మేం పెద్దబాపు అంటాం. ఆయనకు బజార్లో కిరాణా దుకాణం. మనిషి చెడ్డవాడు కాదు గానీ, తన మాటే నెగ్గాలి. "అమ్మెయ్‌రా. ఇనుప సామాన్లాయన ఉన్నడు, విప్పుకొని తీస్కపోతడు. నువ్వు నా దుకాణంల కూసో, పొట్లాలు కట్టు" అన్నాడు. ఆ రాత్రి బాపు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదని అత్తగారింట్లో ఉన్న నాకు అవ్వ కబురు పంపింది. కారు పోతే బాపు బతకడా అంటే బతుకుతాడు. అన్న దుకాణంలో ఓ మూల కూర్చుని, అన్న మాటలు పడుతూ బతుకుతాడు. నాకు ఒళ్లు మండింది. మా బాపు పొట్లాలు కట్టడమేమిటి!

నన్ను కామారెడ్డిలో ఇచ్చారు. మా ఇంటాయనకు మైక్‌సెట్ దుకాణం. పెండ్లిళ్లకు, గణపతి పందిళ్లకు మైకులు, లైటింగులు కిరాయికి ఇచ్చేవాడు, చెడిపోయిన యాంప్లిఫయర్లు బాగు చేసేవాడు. పెళ్లయిన కొత్తలో నేను ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని. తర్వాత తర్వాత సీసం కరిగించి చిన్న సామాను అతికించే పని నా చేతికొచ్చింది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేళ్లు కదా, సన్నటి తీగలు వాటికొక లెక్క కాదు. "నీ చేతి టాకా ఊడదు" అని మా ఇంటాయన మెచ్చుకునేవాడు, అదీ ఎవరూ లేనప్పుడు.

ఒకరోజు యాంప్లిఫయర్ ఒకటి బాగు చేసి పాట పెట్టి చూస్తున్నాను. పాట పెరిగితే ముందు వైపు చిన్న చిన్న ఎల్‌ఈడీ లైట్లు, ఆకుపచ్చవి, పసుపువి, ఎరుపువి, వరసగా పైకి లేస్తాయి, తగ్గితే దిగుతాయి. అవి అంత ఆడినా కరెంటు ఏమంత తినవు. టార్చిలైట్ సెల్లుల మీద కూడా గంటల తరబడి వెలుగుతాయి. నా చేతిలో సోల్డరింగ్ కడ్డీ అలాగే ఆగిపోయింది. బాపు కారుకు ఉన్న రోగమే కరెంటు చాలకపోవడం, ఈ లైట్లకు ఉన్న గుణమే ఎక్కువ కరెంటు అక్కర్లేకపోవడం.

చెబితే మా ఇంటాయన నవ్వాడు. "పాటకు ఎగిరే లైట్లను కారుకు పెడతవా? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?"

"గుడ్డి కన్నా మెల్ల మేలు. నువ్వు పసుపు లైట్లు తెచ్చిపెట్టు, ఏమనుకుంటరో నేను చూసుకుంట" అన్నాను. హైదరాబాదు పోయినప్పుడు ఓ పొట్లం నిండా తెచ్చాడు. నవ్వుతూనే తెచ్చాడు.

బతుకమ్మకు పుట్టింటికి పోయాను. అందరి ఆడపిల్లల సంచుల్లో కొత్త చీరలుంటే నా సంచిలో సోల్డరింగ్ కడ్డీ, సీసం తీగ, లైట్ల పొట్లం. అరుగు మీద ఓ పక్క అవ్వ తంగేడు పూలు, గునుగు పూలు పేరుస్తుంటే, ఈ పక్క నేను చిన్న అట్టముక్కల మీద లైట్లు పేర్చాను. పోతూ వస్తూ ఆడవాళ్లు తొంగి చూసి, "నీ బతుకమ్మ గిట్లుంటదా బిడ్డా?" అని ఎకసెక్కాలాడారు. మధ్యలో కరెంటు పోయేది. అప్పుడు కడ్డీని కుంపటి నిప్పుల్లో కాల్చుకుని పని కానిచ్చాను.

నాలుగు మూలలా నాలుగు అట్టలు బిగించి, మీట నొక్కాను. ఒక్కటీ వెలగలేదు.

విప్పి, చేతిలో పట్టుకుని సెల్లుతో చూస్తే వెలుగుతాయి. కారుకు పెడితే చచ్చినట్టు పడుంటాయి. మళ్లీ విప్పాను, మళ్లీ పెట్టాను. అదే సమయానికి పెద్దబాపు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "రేడియో లైట్లతోటి కార్లు నడుస్తయా? నేను చెప్పలే?" అన్నాడు. నేను పళ్లు కొరుక్కున్నాను. ఆయన పోయాక కడ్డీ విసిరికొట్టాను.

బాపు మెల్లగా వంగి కడ్డీ తీసి ఇచ్చాడు. "గా బ్యాటరీ తీగలు చూసినవా బిడ్డా? గీ కారుకు ఉల్టా ఉంటయి" అన్నాడు.

చూశాను. నాకు తెలిసిన ప్రతి యంత్రంలోనూ ఇనుప బాడీకి కలిపేది మైనస్ తీగ. ఈ మహాతల్లికి బాడీకి కలిపింది ప్లస్ తీగ. మామూలు బల్బు దేనికైనా వెలుగుతుంది, దానికి అటూ ఇటూ లేదు. ఎల్‌ఈడీకి తలా తోకా ఉంటాయి, తిప్పి పెడితే వెలగదు.

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా?"

"నువ్వు అడిగినవా?" అన్నాడు బాపు. చాలా రోజులకు ఆయన ముఖంలో నవ్వు చూశాను. కోపం వచ్చినా ఆ నవ్వు చూసి మింగేశాను. ప్రతి లైటూ ఊడదీసి తిప్పి అతికించాను.

ఈసారి వెలిగాయి. వెలిగి అలాగే ఉండిపోయాయి, కొట్టుకోవు. మెకానిక్కు పెట్టిపోయిన చిన్న డబ్బా ఒకటి ఉంది, లైటును ఆర్పి వెలిగించాల్సింది అదే. అందులో తీగ కరెంటుకు వేడెక్కితేనే పని చేస్తుంది. నా లైట్లు తాగే చుక్క కరెంటుకు అది వెచ్చబడను కూడా లేదు. దాన్ని తీసి అవతల పడేశాను. పెండ్లి పందిట్లో లైట్లు పరుగెత్తించే పెట్టె మా దుకాణంలో ఉంటుంది కదా, అందులో ఉండే సామానే కొంచెం మా ఇంటాయనతో తెప్పించుకుని బిగించాను. మొదట ఎంత తొందరగా కొట్టుకున్నాయంటే అవ్వ వాకిట్లోకి వచ్చి, "కారు మళ్లుతదా, ఊరేగుతదా?" అంది. తగ్గించి తగ్గించి ఒక దారికి తెచ్చాను.

ఇక మిగిలింది ఎండ. నీడలో బాగానే కనపడ్డ లైట్లు ఎండ పడితే వెలుగుతున్నాయో లేదో తెలియడం లేదు. ఇన్‌స్పెక్టర్ పగలు కూడా కనపడాలన్నాడు. అవ్వ పౌడర్ డబ్బాలు కత్తిరించి, లోపల నల్లరంగు పూసి గొట్టాల్లా చేశాను. గొట్టం అడుగున లైట్లు, వాటి మీద గాజుముక్క. ఎండ లోపలికి పోదు, వెలుగు తిన్నగా వెనక్కి వస్తుంది. బాపు దూరం పోయి నిలబడి చూశాడు. ఇంకా దూరం పోయాడు. "అవుపడుతున్నయి!" అని వీధి చివర నుంచి అరిచాడు. సద్దుల బతుకమ్మ నాడు ఎంత ఆడానో నాకే తెలియదు.

దసరా అయిన తెల్లారే క్యాంపు. పొద్దున్నే బాపు, నేను కారులో కామారెడ్డి బయల్దేరాం. అవ్వను రావద్దన్నాం, ఆమె చెయ్యి మళ్లీ కనపడితే ఇన్‌స్పెక్టర్ వెనక్కి పంపుతాడని భయం. దారి పొడుగునా బాపు మలుపు వస్తే మీట నొక్కడం, ముందర చిన్న టిక్కు టిక్కు, నాకు అదే సంబరం. పండుగ అలసటతో ఉన్నాను, పొద్దున కారు చుట్టూ తిరిగి చూడనే లేదు.

క్యాంపులో అదే ఇన్‌స్పెక్టర్. నన్ను, ఖాళీ వెనక సీటును చూసి, "చెయ్యి రాలేదా?" అని నవ్వాడు. కారు వెనక్కి పోయి నిలబడ్డాడు. ఎండ సూటిగా కారు వెనక భాగం మీద పడుతోంది. బాపు మీట నొక్కాడు.

"వెయ్యి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వేసిన సారూ."

"ఏది? ఏం లేదు."

పరుగెత్తుకుని వెనక్కి పోయాను. రెండు గొట్టాల్లోనూ చీకటి. వంగి లోపలికి చూస్తే, గాజుముక్కల మీద దిట్టంగా పసుపు, దాని నడుమ రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, ఎండి పెంకు కట్టి ఉన్నాయి. నిన్న దసరా నాడు బాపు కారుకు పూజ చేశాడు. ఇంజనుకు పెట్టాడు, చక్రాలకు పెట్టాడు, స్టీరింగుకు పెట్టాడు. కొత్తగా వచ్చిన వస్తువులు కదా, వీటికి ఇంకో పిడికెడు ఎక్కువ భక్తితో, గొట్టంలోకి వేలు పెట్టి మరీ పెట్టాడు.

"బాపూ! లైటుకెవలన్న కండ్లు మూస్తరా?" అని అంతమంది ముందూ కేకేశాను. బాపు దిగి వచ్చి చూసి, తన వేలి వైపు చూసుకున్నాడు. ఆ ముఖం చూసి నా కోపం దిగిపోయింది. ఇంత దూరం వచ్చి, ఆయన భక్తే ఆయన కారును మింగేట్టుంది.

ఇన్‌స్పెక్టర్ కూడా వంగి చూశాడు. ఏమంటాడో అని చూస్తుంటే, ఆయన మెల్లగా తల తిప్పి తన జీపు వైపు చూశాడు. మేమూ చూశాం. జీపు హెడ్‌లైట్ల మీద నిండా పసుపు, నడుమ మాకంటే పెద్ద బొట్లు, పైన బంతిపూల దండ.

"తుడువు, తుడువు. మనోళ్లంతా గింతే" అన్నాడు.

బాటిల్‌లో ఉన్న నీళ్లు పోసి, కొంగు కొన వేలికి చుట్టి గొట్టాల్లో దూర్చి రుద్దాను. కొత్త చీర, పోతే పోయింది. బాపు మళ్లీ మీట నొక్కాడు. గొట్టం అడుగున పసుపుపచ్చ వెలుగు లేచింది, ఆరింది, లేచింది. ఇన్‌స్పెక్టర్ వెనక్కి నాలుగడుగులు వేశాడు. ఇంకొంచెం పోయాడు. మైదానం అంచు దాకా పోయి, అక్కణ్నుంచి "ఎడమ!" అని అరిచాడు, "కుడి!" అని అరిచాడు, "హెడ్‌లైట్ వేసి కొట్టు!" అన్నాడు. లైట్లు మసకబారలేదు, తడబడలేదు. తక్కిన డ్రైవర్లు కూడా వచ్చి చుట్టూ మూగారు. ఒకాయన గొట్టంలో కన్ను పెట్టి చూసి, "గివి ఏ కంపెనీవి?" అన్నాడు.

"మా బిడ్డ కంపెనీ" అన్నాడు బాపు.

నా జన్మలో అంత పెద్ద సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు. అసలు కాగితం బాపు చేతికొచ్చాక కూడా నాకు ఆ మాటే చెవుల్లో తిరిగింది.

ఎల్లారెడ్డి చేరేసరికి ఇంటి ముందు పెద్దబాపు, ఆయనతో పాటు ఇనుప సామాన్లాయన కూర్చుని ఉన్నారు. విప్పే సామాను కూడా తెచ్చుకున్నాడు పాపం. బాపు మా సందులోకి మళ్లేముందు, అవసరం లేకపోయినా, చాలా దూరం నుంచే ఇండికేటర్ వేసుకుంటూ వచ్చాడు. కారు ఆపి, దిగి, కాగితం అన్న చేతిలో పెట్టాడు. పెద్దబాపు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"రేపటి నుంచి దుకాణంల ఇంకెవర్నన్న పెట్టుకో అన్నా" అన్నాడు బాపు. అంతే. గొంతు పెంచలేదు. పెద్దబాపు కాసేపు గొణిగి, జేబులోంచి జమ్మి ఆకు తీసి తమ్ముడి చేతిలో పెట్టి కౌగిలించుకున్నాడు. ఎంతైనా అన్నదమ్ములు. ఇనుప సామాన్లాయన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

పొద్దు గూకుతుండగా పక్కింటి చాచా వచ్చాడు. ఆయనకు బజార్లో గాజుల దుకాణం, పెద్దకొడుకు దుబాయిలో పనికి పోయి చాలా కాలమైంది. "భాయ్, కాగితం దొరికిందట గదా? మా పెద్దోడు బొంబాయి నుంచి రైలుకు దిగుతున్నడు. కామారెడ్డి టేషన్‌కు పోవాలె" అన్నాడు. కొడుకు కోసం కళ్లు కాయలు కాచిన మనిషి, వాకిట్లో నిలబడలేక నిలబడుతున్నాడు.

"పా, పోదాం" అని బాపు తాళంచెవి తీశాడు.

అవ్వ బీడీల చాట చంకన పెట్టుకుని లేచింది. ఎప్పటి అలవాటు. వెనక తలుపు దాకా పోయి పట్టుకుంది కూడా.

"నువ్వేడికి?" అన్నాడు బాపు.

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. "మరి..."

"ఇంట్లనే ఉండు. నిమ్మలంగ కూసోని చుట్టుకో."

చాచా ముందు సీట్లో కూర్చున్నాడు. కారు కదిలింది. అవ్వ, నేను వాకిట్లో నిలబడ్డాం. కారు సందు చివరికి పోయి నెమ్మదించింది, కామారెడ్డి రోడ్డు కుడివైపు. ఆ మసక వెలుతురులో కుడివైపు పసుపుపచ్చ లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. రోడ్డు మీద వస్తున్న లారీ తగ్గి దారిచ్చింది. కారు నిదానంగా మళ్లింది.

నేను పక్కకు చూస్తే అవ్వ కుడిచెయ్యి బారుగా చాపి ఉంది. ఆమెకే తెలియదు. నేను చూస్తున్నానని గమనించి సిగ్గుపడి దించుకుంది, కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది.

"మలిపిండే" అంది. "ఒక్కడే మలిపిండు."